కింది గాటు

నా చిన్నప్పుడు చలికాలం వచ్చిందని చలికంటే ముందు రంపం చెప్పేది. కార్తీకం వెళ్ళి, వానలు వెనక్కి తగ్గి, పొద్దున్నే నోట్లోంచి ఆవిరి వచ్చే రోజులు మొదలవగానే పాకాల చుట్టుపక్కల మామిడి తోటల్లోంచి ఆ చప్పుడు వినిపించేది. అది మా తాతయ్య రంపం. మా అమ్మను కన్న తండ్రి ఆయన. చెట్లు కొట్టే మేస్త్రీ అని అందరూ పిలిచేవారు గానీ, ఆయన చెట్టును నేలకూల్చడం నేను చూసింది తక్కువ. కాపు తగ్గిన ముసలి మామిడి చెట్లకు ఎండిన కొమ్మలు, లోపలికి వెలుతురు రానివ్వకుండా అల్లుకుపోయిన కొమ్మలు తీసేసి, మళ్ళీ చిగురు పట్టేలా చేయడం ఆయన పని. వానాకాలంలో ఎంత పెద్దవాళ్ళు పిలిచినా కొమ్మ మీద రంపం పెట్టేవాడు కాదు. కోసిన చోట తడి నిలిస్తే లోపలికి కుళ్ళు పడుతుందని, చలిలో అయితే చెట్టు నిద్రలో ఉంటుందని, గాయం శుభ్రంగా ఆరుతుందని అనేవాడు.

ఇప్పుడు తిరుపతిలో మా వీధికి చెట్లు కత్తిరించే కుర్రాళ్ళు వస్తున్నారు. నెత్తిన గట్టి టోపీ, కళ్ళకు అద్దాలు, నడుముకు బెల్టు, చేతిలో పెట్రోలుతో నడిచే మిషన్ రంపం. దాని తాడు లాగారంటే వీధి వీధంతా వినాల్సిందే. మొన్న మా గేటు పక్కనున్న వేపచెట్టు కొమ్మ కరెంటు తీగల మీదికి వాలిందని వచ్చారు. నేను ఊరుకునే మనిషిని కాను కదా, వాకిట్లోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తప్పు చేస్తే నాలుగు అక్షింతలు వేద్దామనే కూర్చున్నాను. పైకెక్కిన అబ్బాయి మిషన్‌ను ముందు కొమ్మ అడుగున ఆనించి కాస్త లోతుగా కోసి, ఆపి, ఆ తర్వాతే పైకి తెచ్చాడు. ఎవరు నేర్పారో గానీ చక్కగా నేర్పారు. చలిగాలిలో ఎందుకు, లోపలికి రండత్తయ్యా అని మా కోడలు పిలిచింది. ఆ కొమ్మ కిందికి దిగేదాకా నేను లేవలేదు. ఆ వరస చూస్తుంటే మా అమ్మ పోయిన రోజు కళ్ళముందుకు వచ్చేసింది. ఆమె పోయిందన్న మాటను మా తాతయ్య నాకు చెప్పిన రోజు అది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. అమ్మకు కామెర్లు ముదిరితే నాయన ఆమెను వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయాడు. నన్ను తాతయ్య దగ్గర, అవ్వ దగ్గర వదిలారు. బయలుదేరే ముందు ఓపిక లేకపోయినా గోడకు ఆనుకుని కూర్చుని అమ్మ నాకు జడ వేసింది. ఆ జడను నేను ఎవరినీ ముట్టనివ్వలేదు. అవ్వ దువ్వెన పట్టుకుని వస్తే దొడ్లోకి పరిగెత్తేదాన్ని. అమ్మ వేసింది, అమ్మే వచ్చి విప్పుతుంది అని నా పట్టుదల. వేలూరు పక్కనున్న కాట్పాడి వైపు నుంచి పాకాలకు వచ్చే రైలు కూత వినపడితే చాలు, చేతిలో ఏముంటే అది వదిలేసి దారి వైపు చూసేదాన్ని.

ఆ రోజు తాతయ్య నన్ను తనతో తోటకు తీసుకుపోయాడు. ఇంట్లో ఉంటే రైలు కోసం చెవులు రిక్కించుకుని అన్నం తినడం మానేస్తానని అవ్వ పంపింది. ఊరికి దగ్గరే, పాతకాలపు తోట. అందులో ఒక చెట్టును చూపించి తాతయ్య నాకు అంతకు ముందే ఒకసారి చెప్పి ఉన్నాడు. దాని పెద్ద కొమ్మను ఎవరో తెలియక పైనుంచి మాత్రమే కోశారట. సగం కోత పడేసరికి కొమ్మ తన బరువుకు తానే విరిగి, పడుతూ పడుతూ మాను బెరడును కిందిదాకా ఒలుచుకుని పోయింది. ఆ వైపంతా నల్లబడి, చెద పట్టి ఉండేది. అటు పూత కూడా వచ్చేది కాదు. బరువైన కొమ్మకు ముందు చివర్లు తీసి బరువు తగ్గించాలి, తర్వాత అడుగున గాటు పెట్టాలి, ఆ పైన గానీ పైకోత కోయకూడదు, అప్పుడు బెరడు చీలదు. ఆయన పని మొత్తం ఈ వరసలోనే ఉండేది.

తాతయ్య నిచ్చెన వేసుకుని ఒక ముసలి బేనిషా మామిడి చెట్టు ఎక్కి, అడ్డంగా సాగిన కొమ్మ మీద పని మొదలుపెట్టాడు. నేను కింద ఎండుపుల్లలు ఏరి కుప్ప వేస్తున్నాను. కాసేపటికి మా పక్కింటి అక్క గట్టు దాటి పరుగులాంటి నడకతో వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. తాతయ్య ఆమెను చూడగానే గబగబా దిగి ఎదురు వెళ్ళాడు. ఇద్దరూ దూరంగా నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. ఆమె నా వైపు రాబోతే తాతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె నన్ను చూస్తూ చూస్తూనే వెనక్కి వెళ్ళిపోయింది.

వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు పెద్దయ్యాక ఆ అక్కే చెప్పింది. తెల్లవారుజామున అమ్మ పోయిందని నాయన కబురు పంపాడట. మా వైపు చావు కబురు తెచ్చినవాళ్ళు మనుషులు కనపడగానే రాగం ఎత్తుకుని ఏడుస్తారు. అలా ఏడవకపోతే పోయినవాళ్ళ మీద ప్రేమ లేదని అనుకుంటారు. అక్క కూడా తోట గట్టు నుంచే ఏడుపు అందుకోబోయిందట. తాతయ్య చేతులు జోడించి, "ఈడ వద్దమ్మా. బిడ్డకు నేను చెప్తాను. నువ్వు ఇంటికి పోయి వాళ్ళ అవ్వను చూసుకో," అన్నాడట. ఆమె వెళ్ళిపోయాక వెనక్కి తిరిగి చూస్తే, ఆయన తొట్టి అంచు పట్టుకుని తువ్వాలు నోట్లో కుక్కుకుని నిలబడి ఉన్నాడట. పోయింది ఆయన కన్నకూతురు.

నాకు మాత్రం ఆయన ముఖం కడుక్కుని రావడమే కనిపించింది. ఇంటికి పోదామా తాతా అని అడిగాను. మొదలుపెట్టిన కొమ్మను సగంలో వదిలి పోకూడదు పాపా, గాలికి విరిగితే చెట్టు చీలుతుంది అన్నాడు. ఇంట్లో అప్పటికే ఏడుపులు మొదలై ఉంటాయని, వాటి మధ్యలోకి నన్ను ఒక్కసారిగా తీసుకుపోవడం ఆయనకు ఇష్టం లేదని నాకు అప్పుడెలా తెలుస్తుంది?

మళ్ళీ చెట్టెక్కాడు. కొమ్మ చివర ఉన్న సన్న రెమ్మలు ఒక్కొక్కటే కోసి కింద పడేస్తూ, ఏదో మామూలు మాటలాగా, "మీ అమ్మకు తిండి దిగడం లేదంట పాపా," అన్నాడు. నేను పుల్లలు ఏరడం ఆపలేదు. అమ్మ ఇంట్లో ఉన్నప్పుడే సరిగ్గా తినేది కాదు. ఇంకో రెమ్మ కోశాడు. దాన్ని నేను కుప్ప దగ్గరికి ఈడ్చి వచ్చేదాకా ఆగాడు. "నిన్న పొద్దంతా కండ్లు తెరవలేదంట," అన్నాడు. ఆ మాటకు నేను తలెత్తి చూశాను. ఆయన నన్నే చూస్తున్నాడు. నేనేమైనా అడుగుతానేమోనని కాసేపు చూసి, అడగకపోతే మళ్ళీ రంపం అందుకున్నాడు. అలా చాలాసేపు గడిచింది. ప్రతి రెమ్మకూ ఒక మాట. అమ్మ నన్ను తలచుకుందని, నా పేరు పెట్టి పిలిచిందని కూడా అందులోనే చెప్పాడు.

చివర్లన్నీ పోయి కొమ్మ మోడుగా మిగిలాక, ఆయన ఒంగి అడుగున గాటు పెట్టాడు. పొట్టు నా మీద పడింది. అప్పుడు రంపం ఆపి, "డాక్టర్లు చేతనైనంతా చేసినారంట. ఇంక మా చేతుల్లో లేదన్నారంట," అన్నాడు. చేతిలో ఉన్న పుల్లలు కుప్ప మీద వేయకుండా అక్కడే వదిలేశాను. ఎందుకో అర్థం కాలేదు గానీ ఇంటికి పోవాలని లేదు, అక్కడ ఉండాలనీ లేదు.

తాతయ్య దిగివచ్చి కొమ్మకు కట్టిన మోకును పక్క చెట్టు మానుకు రెండు చుట్లు చుట్టి, దాని కొస నా చేతికి ఇచ్చాడు. అంత లావు తాడును నాకు ఆయన అంతకు ముందెప్పుడూ ఇవ్వలేదు. "బరువంతా మాను పట్టుకుంటాది, నువ్వు భయపడబాక. మెల్లగా సడలిస్తా ఉండు. కొమ్మ నేలకు తాకేదాకా మాత్రం వదలొద్దు," అన్నాడు. పైకెక్కి పైకోత కోశాడు. కొమ్మ చిన్నగా కిర్రుమంది. ఎక్కడా చీలకుండా వేరై, మోకు మీద ఊగుతూ కొద్దికొద్దిగా దిగింది. నా చేతులు ఒరుసుకుపోయి మండాయి. నేను వదలలేదు. అది గడ్డి మీద ఆనాక ఆయన వచ్చి నా వేళ్ళను తాడు నుంచి విడదీసి, తన చేతుల్లో పెట్టుకున్నాడు.

"అమ్మ ఎప్పుడొస్తాది తాతా?" అని అప్పుడు అడిగాను.

"ఈపొద్దే వస్తాది. పొద్దుగూకేలోగా తెస్తారు."

"నాతో మాట్లాడతాదా?"

ఆయన నా ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయన ముఖం నా ముఖానికి సమంగా వచ్చింది. "మాట్లాడదు పాపా. మీ అమ్మ చచ్చిపోయింది," అన్నాడు.

దేవుడి దగ్గరికి పోయిందనలేదు, ఊరికి పోయిందనలేదు. నేను ఏడ్చాను. ఆయన కూడా ఏడ్చాడు, నా ముందే ఏడ్చాడు. తాతయ్య ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఏడుస్తూనే ఇద్దరం సున్నం, మైలుతుత్తం కలిపిన ముద్దను కోసిన చోట పట్టించాం. నిచ్చెన మీద నన్ను ముందు నిలబెట్టుకుని, వెనక నుంచి గట్టిగా పట్టుకుని, కొబ్బరి పీచుతో నా చేతనే పూయించాడు. గాయాన్ని అట్లా తెరిచి వదిలేసి పోకూడదని చెప్పాడు. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించాడు.

వాకిలి నిండా జనం. నన్ను చూడగానే ఆడవాళ్ళు గొల్లుమన్నారు. తలా ఒకరు నన్ను ఒళ్ళోకి లాక్కోబోయారు. తాతయ్య నా చెయ్యి ఎవరికీ ఇవ్వలేదు. ఆ సాయంత్రం అమ్మను తెచ్చేముందు నేనే గూట్లోంచి దువ్వెన తీసుకుని అవ్వ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. అవ్వ జడ విప్పుతుంటే నేను కదల్లేదు. అమ్మను పడుకోబెట్టినప్పుడు, మోసుకుపోయినప్పుడు, నాయన స్నానం చేసి తడిబట్టలతో వచ్చి మూలన కూలబడినప్పుడు, అంతసేపూ తాతయ్య చెయ్యి నా చేతిలోనే ఉంది. మగవాళ్ళతో పాటు ఆయన కూడా పోవాలి, పిలిచారు. బిడ్డను ఇట్ల వదిలేసి యాడికీ రానని చెప్పేశాడు. కూతురి చివరి ప్రయాణానికి పోలేదని కొందరు ఆయనను చాలాకాలం తప్పుపట్టారు.

ఇప్పుడు చావు కబురు కూడా ఫోన్లో ఒక్క ముక్క రాసి పడేస్తున్నారు. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. చదివినవాళ్ళు నిలబడి ఉన్నారో, రోడ్డు దాటుతున్నారో, పక్కన మనిషి ఉన్నాడో లేడో ఎవరికి కావాలి? చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా చుట్టాల్లో మాత్రం అలాంటి కబురు ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఇప్పటికీ నన్నే పంపుతారు. నేను వెళతాను. వాళ్ళ పక్కన కూర్చునేదాకా నోరు విప్పను.

అలా చెప్పాల్సి వచ్చిన వాళ్ళల్లో మా తాతయ్య కూడా ఉన్నాడు. అప్పటికి ఆయనకు చూపు బాగా తగ్గిపోయి వసారాలో మంచం మీదే ఉండేవాడు. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టారు. తిరుమల కొండకు బస్సు నడిపే మా మామ, తాతయ్యకు మిగిలిన ఒక్క కొడుకు, ఒక పొద్దున గుండె ఆగి పోయాడు. ముసలాయన తట్టుకోలేడు, చెప్పొద్దు, ఏదో ఊరికి పోయినాడందాం అని ఇంట్లో అందరూ ఒక మాట మీదికి వచ్చారు. నేను ఒప్పుకోలేదు. వెళ్ళి మంచం అంచున కూర్చున్నాను.

"తాతా, తెల్లారి మామకు ఎదలో నొప్పి వచ్చిందంట," అన్నాను.

ఆయన ముఖం నా వైపు తిప్పాడు. కాసేపు ఆగాను. "ఆస్పత్రికి తీసకపోయినారంట. డాక్టర్లు చూసినారంట," అన్నాను.

ఆయన చెయ్యి దుప్పటి మీద తడుముకుంటూ వచ్చి నా చెయ్యి అందుకుంది. ఆ వేళ్ళల్లో రంపం పట్టిన కాయలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. "కింది గాటు పెట్టేసినావు కదమ్మా," అన్నాడు. "ఇంక పైన కొయ్యి."

చెప్పాను. ఆయన నన్ను పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. లోపలినుంచి ఎవరో నన్ను పిలిచారు, మళ్ళీ పిలిచారు. నేను లేవలేదు. కొమ్మ నేలకు తాకేదాకా వదలొద్దని నాకు చెప్పింది ఆయనే. ఎండ వసారాలోకి వచ్చి, మంచం దాటి, గోడ ఎక్కేదాకా ఆ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను.