కోతులతో మా అత్త పగ

మా అత్త కింద పడ్డ రోజు నేను ఎనుమాముల మార్కెట్లో ఉన్నాను. మిర్చి బస్తాలు వేసుకుని మా ఆయనా నేనూ పొద్దున్నే ట్రాలీలో బయలుదేరాం. ఇంట్లో అత్త ఒక్కతే. డాబా మీద మక్క కంకులు ఎండబోసి ఉన్నాయి, వాటికి ఆమే కాపలా.

రఘునాథపల్లి దగ్గర హైవే దిగి లోపలికి వస్తే మా ఊరు. ఊళ్లో చివరి ఇల్లు మాది. ఇంటి వెనుక నుంచే గుట్ట మొదలవుతుంది కాబట్టి కోతుల మంద ఊళ్లోకి దిగేటప్పుడు ముందు మా డాబా మీదికే వస్తుంది. ఆ రోజూ అలాగే వచ్చాయి. అత్త కర్ర తీసుకుని మెట్లెక్కింది. మందలో పెద్ద మగకోతి ఒకటి ఉంది, మూతి మీద పాత గాటు ఉన్నది. అది పారిపోకుండా పళ్లు బయటపెట్టి ఆమె మీదికే వచ్చింది. అత్త వెనక్కి అడుగు వేసింది. వెనుక మెట్లున్న సంగతి మరిచిపోయింది.

పక్కింటి వదిన వచ్చి చూసేసరికి అత్త మెట్ల కింద పడి మూలుగుతోందట. పై మెట్ల మీద కోతులు వరుసగా కూర్చుని కంకులు వొలుచుకు తింటున్నాయట. మేము మార్కెట్ నుంచి నేరుగా దవాఖానకు పోయాం. తుంటి ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు. ఎముక సరిగ్గా అతకలేదు. అత్త మళ్లీ నడవలేదు.

అంతకుముందు ఆమెను చూసినవాళ్లకే ఇది ఎంత పెద్ద మాటో తెలుస్తుంది. పత్తి ఏరడానికి దిగితే వయసు పిల్లలు కూడా ఆమె సాలు అందుకోలేకపోయేవారు. నోరు కూడా అంతే పదును. నేను కాజీపేటలో రైల్వే క్వార్టర్ల మధ్య పెరిగినదాన్ని. పెళ్లయిన కొత్తలో కోతి కనిపిస్తే ఇంట్లోకి ఉరికేదాన్ని. "కోతికి భయపడే పిల్లను తెచ్చుకుంటి" అని చర్చికి వచ్చిన ఆడవాళ్లందరికీ చెప్పి నవ్వేది.

దవాఖాన నుంచి వచ్చాక వరండాలో మంచం వేశాం, నలుగురూ కనిపిస్తారని. పత్తి ఏరే రోజులవి. ఆమె పక్కన నీళ్లు, మందు గోళీలు, జపమాల పెట్టి మేము చేనుకు పోయేవాళ్లం.

ఒక మధ్యాహ్నం నేను ముందుగా ఇంటికి వచ్చాను. గేటు దగ్గరే ఆగిపోయాను. అత్త దిండుకు ఒరిగి కూర్చుని ఉంది. ఒళ్లో అన్నం పళ్లెం. ఆమె కాళ్ల మధ్య, మంచం మీద, కడుపుకు పిల్లను కరుచుకున్న ఒక ఆడకోతి కూర్చుని ఆ పళ్లెంలోంచి తింటోంది. అత్త రెండు చేతులూ గుండెకు అదుముకుని కదలకుండా ఉంది. నేను అరిచాను. కోతి నన్ను చూసి, ఇంకో పిడికెడు తీసుకుని, తీరిగ్గా మంచం దిగి పోయింది.

చీర మీద పడిన మెతుకులు దులుపుతుంటే అత్త అంది: "నా కండ్లల్లకు సూసుకుంటనే తిన్నది. నాకు లేవరాదని దానికి ఎర్కైంది, బిడ్డా."

ఆమె ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఆ వారంలోనే మా ఆయన ఎక్కడో అడిగి కొండెంగను, అంటే కొండముచ్చును, తెచ్చాడు. నల్ల మూతి, బూడిద రంగు ఒళ్లు, బారెడు తోక. దాన్ని చూస్తే కోతులు దగ్గరికి రావని చాలా ఊళ్లలో తెచ్చి కట్టుకుంటారు. తెచ్చిన మనిషి దాన్ని గేటు పక్క ఇనుప స్తంభానికి పొడుగు తాడుతో కట్టాడు. "తాడు కురుస చెయ్యకుండ్రి. దానికి ఎత్తు మీదికి ఎక్కరావాలె. అప్పుడే కోతులు భయపడుతయి" అని చెప్పి పోయాడు.

నిజంగానే మంద మాయమైంది. డాబా మీద మళ్లీ పప్పులు ఎండబోసుకున్నాం. అత్తకు ప్రాణం లేచి వచ్చింది. పొద్దున లేవగానే, "నా కొడుకు తిన్నడా?" అని అడిగేది. అరటిపళ్లు, పల్లీలు, తను తినకుండా దాచిన బ్రెడ్డు ముక్కలు నాతో పంపేది.

మా ఆయన నవ్వుతూ అడిగాడు: "నన్ను ఎన్నడన్న గట్ల పిలిచినవానే అవ్వా?"

"నువ్వు ఎన్నడన్న కోతులను ఎల్లగొట్టినవారా?"

కొండెంగ మెడ చుట్టూ తాడు ఒరుసుకుని వెంట్రుకలు ఊడిపోయాయి. ఎర్రగా పుండు పడింది. ఈగలు ముసిరేవి. కొన్నాళ్లు విప్పి వదిలేద్దామని నేనంటే అత్త ఒప్పుకోలేదు. "ఇడిస్తే ఉరుకుతది. ఉండనీ" అంది. పిలుపు కొడుకనే గానీ, ఆ పుండు వైపు ఎప్పుడూ చూసేది కాదు.

ఇంతలో పక్కింటి వదిన గొడవకు వచ్చింది. కొండెంగ గోడ మీదికి ఎక్కి వాళ్ల బీరపాదు పీకేస్తోందని. మా ఆయన గొడవెందుకని తాడును స్తంభానికి చుట్లు చుట్టి కురచ చేశాడు. ఇప్పుడది గోడ ఎక్కలేదు. స్తంభం చుట్టూ నాలుగడుగులు తిరగడం, కూర్చోవడం, అంతే.

కోతులు తిరిగి వచ్చాయి. మొదట ఎదురుగా ఉన్న రేకుల కొట్టం మీద కూర్చుని చూశాయి. తర్వాత గోడ మీదికి దిగాయి. ఆ తర్వాత ఒక పిల్లకోతి తాడు అందనంత దూరంలోకి వచ్చి కూర్చునేది. కొండెంగ ఎగిరి దూకేది. తాడు బిగిసి మెడ పట్టుకుని వెనక్కి లాగేది. కోతి కాస్త జరిగి మళ్లీ అక్కడే కూర్చునేది. దానికది ఆటైపోయింది. ఇదంతా అత్త రోజూ చూస్తూ, సాయంత్రం మాకు చెప్పేది.

"ఇయ్యాల ఇంకింత దగ్గరికచ్చినయి రా. తాడు ఏడిదాక వస్తదో సూస్తానయి."

"నీకు ఊకె గదే ఫికరు. కొండెంగ ఉండంగ అవేం జేస్తయి?" అనేవాడు మా ఆయన.

పక్కింటి వదిన నాకు ఫోన్ చేసినప్పుడు మేము చేలో ఉన్నాం. జల్ది రమ్మని మాత్రమే అంది. మేము వచ్చేసరికి మంద గుట్ట ఎక్కిపోయింది. అత్త మంచం మీద లేదు. వరండా అంచు దాకా పాకుతూ వచ్చి, మెట్టు దిగలేక, బోర్లా పడి ఉంది. మోచేతులు రెండూ చెక్కుకుపోయాయి. వాకిట్లో ఆమె విసిరినవి పడి ఉన్నాయి: గ్లాసు, పళ్లెం, గోళీల డబ్బా, చివరికి జపమాల కూడా.

కొండెంగ తాడు స్తంభానికి చుట్టుకుపోయి ఉంది. దాన్ని స్తంభానికి ఆనించి కట్టేసినట్టే అయింది. గాటు మూతి మగది వెనుక నుంచి తోక పట్టి గుంజిందని, మిగతావి ముందు నుంచి మీద పడ్డాయని అత్త తర్వాత చెప్పింది. కొండెంగ ముఖం చీరుకుపోయింది. ఒక చెయ్యి వేళ్ల దగ్గర ఏమీ మిగల్లేదు. అయినా ఇంకా ఊపిరి ఉంది. మేము దగ్గరికి పోతే కళ్లు తిప్పి చూసింది గానీ చప్పుడు చేయలేదు.

అత్త తనను కుర్చీలో అక్కడికి మోసుకుపొమ్మంది. దాని తల మీద చెయ్యి వేసి కూర్చుంది. అది చచ్చిపోయేదాకా చెయ్యి తీయలేదు. ఏడవలేదు కూడా. అంతా అయ్యాక కొడుకును అడిగింది: "తాడు ఎవలు కురుస జేసిండ్రు?"

మా ఆయన గడ్డపార తీసుకుని గొయ్యి తవ్వడానికి పోయాడు.

ఊరంతా విసిగిపోయి ఉంది కాబట్టి పంచాయతీవాళ్లు కోతులు పట్టే మనుషులను పిలిపించారు. ఇద్దరు వచ్చారు, పెద్ద ఇనుప బోనుతో. ఊరి మధ్య బోను పెట్టి పల్లీలు, అరటిపళ్లు వేశారు. మంద చుట్టూ తిరిగిందే గానీ ఒక్కటీ లోపలికి పోలేదు. వాళ్లు బోను ఎత్తుకుని పోబోతుంటే అత్త మంచం మీది నుంచే కేకేసింది.

"ఇగో, ఇటు రా కొడుకా. పిల్లతల్లి ఒకటి ఉన్నది. నా పళ్లెంల తినుడు దానికి అలవాటు. బోను నా మంచం పక్కన పెట్టు. నేను ఈడనే ఉంట. నన్ను సూసి వస్తది."

వాళ్లు నవ్వారు. తర్వాత అలాగే చేశారు. మంచం పక్కనే బోను, అందులో అన్నం పళ్లెం. అత్త ఎప్పటిలా దిండుకు ఒరిగి కళ్లు మూసుకుంది. మేమంతా ఇంట్లో తలుపు వెనుక ఉన్నాం. ఎండ ఎక్కాక ఆ ఆడకోతి వచ్చింది. అప్పటికి పిల్ల కాస్త పెరిగి తల్లి ముందే ఉరుకుతోంది. అదే ముందు బోనులోకి పోయింది. బోను తలుపును ఎత్తి పట్టిన తాడును ఆ మనిషి వదిలాడు. తలుపు పడింది. పిల్ల లోపల, తల్లి బయట.

"ఇగ ఫికర్ లేదు. తల్లి యాడికి పోదు" అన్నాడతను. పిల్లను బోను లోపలి అరలోకి తోసి, పెద్ద తలుపు మళ్లీ ఎత్తి కట్టాడు. "పిల్ల ఒర్రాలె గంతే."

పిల్ల భయంతో ఒక మూల ముడుచుకుని నోరు మెదపలేదు. అప్పుడు అత్త మంచం కింద చెయ్యి పెట్టి కర్ర తీసింది. ఊచల మధ్య నుంచి పొడిచింది. పిల్ల కీచుమంది. మళ్లీ పొడిచింది. అది ఆపినప్పుడల్లా పొడిచింది. నేను బయటికి వచ్చి కర్ర పట్టుకోబోతే నా చెయ్యి విదిలించేసింది. మంచాన పడ్డ మనిషికి అంత బలం ఎక్కడిదో.

తల్లి బోనులోకి దూకింది. దాని వెనుక ఇంకో రెండు. ఆ కేకలకు గుట్ట మీది మందంతా దిగింది. బోను మనిషి తలుపు ఎత్తడం, దించడం, లోపలి అరలోకి తోలడం. చివరన గాటు మూతి మగది కూడా వచ్చింది.

పక్కింటి వదిన గోడ మీది నుంచి చూసి చెంపలేసుకుంది. "మీకు కాకపాయె గని మాకు ఆంజనేయస్వామి. పాపం తగుల్తది పెద్దమ్మా."

"తగలనీ" అంది అత్త. "మంచం మీదనే ఉన్న గదా. ఇంకేడ తగుల్తది?"

వాటిని అడవిలో వదలడానికి రావాల్సిన బండి ఆ రోజు రాలేదు. బోను మా వాకిట్లోనే ఎండలో ఉండిపోయింది. కోతులు ఒకదాని మీద ఒకటి పడి నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. నేను బకెట్ నిండా నీళ్లు, మగ్గు తెచ్చాను.

"బకెట్ ఆడ పెట్టు" అంది అత్త.

"పిల్లలున్నయి అందుట్ల, అత్తా."

"నా కొడుక్కు ఎవలు పోసిండ్రు నీళ్లు?"

మా ఆయన వైపు చూశాను. నేల చూస్తున్నాడు. నేను మగ్గు ముంచి ఊచల మధ్య నుంచి పోయడం మొదలుపెట్టాను. కోతులు ఎగబడ్డాయి. ఏదో ఒకటి నా మణికట్టు పట్టి లోపలికి గుంజి కొరికింది. చెయ్యి లాక్కునేసరికి రక్తం కారుతోంది. అత్త గట్టిగా నవ్వింది. కింద పడ్డ తర్వాత ఆమె నవ్వు మళ్లీ విన్నది అప్పుడే.

"పొయ్యి బిడ్డా, ఇంకిన్ని పొయ్యి."

నేను బకెట్లో మిగిలిన నీళ్లు మొత్తం బోను మీద కుమ్మరించి, సూది వేయించుకోవడానికి పోయాను.

మర్నాడు బండి వచ్చింది. బోను ఎత్తుతుంటే చూశాను. పిల్ల ఆ తొక్కిడిలో నలిగి చచ్చిపోయింది. తల్లి దాన్ని ఇంకా కడుపుకు అదుముకునే ఉంది. బోను ఊగినప్పుడు పిల్ల తల వేలాడింది, తల్లి చేత్తో దాన్ని పైకి సర్దింది. అత్త కూడా చూసింది. బండి పోయాక మంచం గోడ వైపు తిప్పమంది. ఆ పూట అన్నం ముట్టలేదు. నేను అడిగితే ఆకలి లేదంది.

ఎండాకాలం అంతా ఊరు ప్రశాంతంగా ఉంది. వానలు పడ్డాక ఎక్కడి నుంచో ఇంకో మంద వచ్చి అదే గుట్ట మీద దిగింది. మా ఆయన ఈసారి ఎవరినీ పిలవలేదు. వరండా చుట్టూ, పై నుంచి కింది దాకా, ఇనుప జాలీ కొట్టించాడు. అత్త దాని లోపలే తింటుంది, లోపలే పడుకుంటుంది. కోతులు వచ్చి జాలీ పట్టుకుని వేలాడుతూ ఆమెను చూస్తాయి.

ఈ మధ్య ఒకరోజు ఆమె తింటూ తింటూ ఒక ముద్ద తీసి జాలీ పక్కన, లోపలి వైపు పెట్టింది. నా మనసు తేలికైంది. పోనీలే, కోపం చల్లారింది అనుకున్నాను. ఒక కోతి జాలీలోంచి చెయ్యి పెట్టింది. అత్త కదల్లేదు. ఆ చెయ్యి మోచేతి దాకా లోపలికి వచ్చేవరకు ఆగి, పక్కనున్న ఇత్తడి చెంబు ఎత్తి వేళ్ల మీద దించింది. కోతి కీచుమని చెయ్యి లాక్కుని పోయింది. జాలీ తీగకు కాస్త రక్తం అంటింది.

అత్త చెంబు కింద పెట్టి పళ్లెం నా వైపు చాపింది.

"జర పప్పు ఎయ్యి, బిడ్డా."

వేశాను. అప్పటి నుంచి ఆ మూల అన్నం ముద్ద కనిపిస్తే తీసేస్తున్నాను. ఆమె చూస్తుంది. నేను లోపలికి పోయాక మళ్లీ పెడుతుంది.