రెండో జత అట్టలు

పాటల కొట్టు సాయిబు గారు పోయారని మొన్న శుక్రవారం పొద్దున బస్టాండు దగ్గర టీ తాగుతుంటే తెలిసింది. చెప్పినాయన ఆ వెంటనే, "ఇంతకీ ఆ కొట్టు ఇంకా ఉందా?" అని అడిగాడు. ఉంది. ఈ ఊళ్లో ఎవరికీ పట్టకుండా ఏళ్లుగా చస్తూ ఉంది.

ఆయన పామర్రు, మంగళగిరి వైపు ఇళ్లు తిరిగి, అటకల మీద పడేసిన గ్రామఫోను ప్లేట్లు కొనుక్కొచ్చేవారు. నాదస్వరం, హరికథ, నాటక పద్యాలు. మనవాళ్లు క్యాసెట్లకీ, ఆ తర్వాత సీడీలకీ ఎగబడుతున్న రోజుల్లో వాటిని అడిగింది జపాన్‌లో ఒకాయన, జర్మనీలో ఒకావిడ, అలాంటివాళ్లు మరికొందరు. వాళ్లు ఉత్తరం రాస్తే ఈయన పోస్టులో పంపేవారు. తొంభైలలో కొట్టు నడిచింది ఆ పార్శిళ్ల మీదే.

ఆయన పార్శిలు కట్టడం చూసి తీరాలి. ప్లేటుకు పాత పంచె ముక్క చుట్టి, కిందా పైనా ఒక జత అట్టలు, వాటి మీద ఇంకో జత. ఆపైన తెల్లగుడ్డ వేసి దగ్గరదగ్గరగా కుట్టు. కుట్టేటప్పుడు మాట్లాడేవారు కాదు. అయ్యాక సూదిని చొక్కా కాలరుకు గుచ్చి, నాలుగంచులూ తడిమి, అప్పుడు నవ్వేవారు.

తర్వాత విదేశీ పార్శిళ్ల రేట్లు పెరిగాయి. ఊపిరి తీసుకునేలోగా మళ్లీ పెరిగాయి. ఓడ మీద పంపితే నెలల తరబడి దారిలోనే. విమానంలో పంపితే పోస్టు ఖర్చు ప్లేటు ధరను దాటేది. పెద్ద కంపెనీలకు కొరియర్లవాళ్లే తగ్గించి ఇస్తారు. ఒక్క ప్లేటు చంకలో పెట్టుకెళ్లే మనిషికి ఎవరు తగ్గిస్తారు? కరపత్రాలు చదివి మండిపోయే రోజులవి నాకు, ఆ మంట ఇంకా ఆరలేదు. ప్రపంచమంతా ఒకే బజారన్నవాళ్లు ఆ బజారుకు గేటు పెట్టి టిక్కెట్టు కొడుతున్నారని, ఆయన వెంట వెళ్లిన నేను పోస్టాఫీసు కౌంటరు ముందే అరిచాను. సాయిబు గారు భుజం పట్టుకుని నన్ను బయటికి తెచ్చారు.

"పాట గాల్లో పోతే ఖర్చు లేదు బాబూ, ప్లేటెక్కాకే బరువు. పాపం ఆ గుమాస్తా ఏం చేస్తాడు, కాటా చూసేవాడు."

నేను ఊరుకోలేదు. తూకం పై రేటులోకి పోకుండా ఉండాలంటే రెండో జత అట్టలు తీసెయ్యమన్నాను. ఈ దోపిడీకి అదే మన జవాబన్నాను. ఆయన వద్దన్నారు. వారం రోజులు వెంటపడ్డాను. చివరికి, జపాన్ ఆయన ఏళ్ల తరబడి అడుగుతున్న నాదస్వరం ప్లేటును ఒక్క జతతో కుట్టారు. అంచులు తడిమారు గానీ నవ్వలేదు.

అది రెండు ముక్కలై చేరింది. జపాన్ ఆయన ఒక్క కటువైన మాట లేకుండా ఫోటో పంపాడు. అలాంటి ప్లేటు మళ్లీ మాకెక్కడా దొరకలేదు. సాయిబు గారి ఇంగ్లీషు ఉత్తరాలు రాసేది నేనే కాబట్టి, తప్పు నాదని రాయబోయాను.

"పొరపాటు మా కొట్టుదని రాయండి," అన్నారు. "కుట్టింది నేను."

ఆ తర్వాత ఏ పార్శిలుకూ ఒక్క అట్ట తగ్గలేదు. పెరిగిన ఖర్చులో సగం తన మీదే వేసుకున్నారు. మిగతా సగం కూడా భరించలేక కొనేవాళ్లు ఒక్కొక్కరూ తప్పుకున్నారు. జర్మనీ ఆవిడ చివరి ఉత్తరంలో క్షమించమని రాసింది. ప్లేట్ల బీరువా ముందు సెల్‌ఫోను రీచార్జి కార్డుల దండ వేలాడింది. కార్డులు కొనడానికి వచ్చినవాళ్లు వెనకాల ఏముందని అడగలేదు.

ఆ శుక్రవారం ఆయన ఇంటి ముందు కుర్చీల్లో కూర్చున్న పెద్దలు ఆయన సంగీత సేవ గురించి మాట్లాడారు. వాళ్లలో ఒక్కరూ ఆ కొట్లో ఒక్క ప్లేటు కొన్నవాళ్లు కాదు. నేనూ కొనలేదు. ఊరికే విన్నాను, ఊరికే సలహా ఇచ్చాను.

మధ్యాహ్నం నమాజు తర్వాత శ్మశానానికి తీసుకెళ్లారు. ఆయన్ని చుట్టిన తెల్లగుడ్డ అంచుల్లో నా కళ్లు కుట్టు కోసం వెతికాయి. ఎక్కడా లేదు. తల దగ్గర, నడుము దగ్గర, కాళ్ల దగ్గర గుడ్డ పీలికలతో వేసిన ముళ్లు, అంతే. గోతిలోకి దించాక వాటిని కూడా విప్పేశారు.