కిటికీ మూల వాటా

మా అక్క టైలరు. కళ్ళతో చూసినదాన్ని నమ్మదు, టేపు పెట్టి చూస్తేనే నమ్ముతుంది. బావను మొదటిసారి చూసినప్పుడు భుజాల కొలత తీసుకోలేదంటే, పక్కన అమ్మ కళ్ళెర్రజేసి కూర్చుంది కాబట్టే.

ఆమె దుకాణం ఓ పాత మేడ మెట్ల కింద ఉండేది. నిటారుగా నిలబడితే తల కొట్టుకుంటుంది. మేడ ఓనరు ఖాళీ చెయ్యమని ప్రాణం తీస్తున్న రోజుల్లో ఓ ఏజెంటు తగులుకున్నాడు. కొత్త ఆఫీసు భవనంలో వాటా కొనమన్నాడు. అక్క ఒక్కో మాటా విప్పి చెప్పించుకుంది.

"రెంటల్ ఈల్డ్ అంటే?"

"మీరు పెట్టినదాని మీద ఏడాదికి ఎంత శాతం అద్దె వస్తుందో, అదమ్మా."

"లాక్-ఇన్?"

"కొన్నేళ్ళు అమ్మకూడదు."

"నేనెందుకు అమ్ముతాను?" అని నవ్వింది అక్క.

'అవిభాజ్య వాటా' దగ్గర మాత్రం ఏమీ అడగలేదు. వాటా అంటే ఎవరికి తెలియదు? అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టే అనుకుంది. మెడలో గొలుసు కూడా మిగుల్చుకోకుండా అమ్మి కొనేసింది.

రిజిస్ట్రేషన్ అయిన రోజు ఖాళీ హాల్లోకి వెళ్ళాం. అక్క టేపు తీసి, కాగితంలో ఉన్న చదరపు అడుగులు కొలిచి, వెలుతురు పడే కిటికీ మూలన సుద్దతో గీతలు గీసింది. అలవాటు చొప్పున కుట్టుకి రెండు వేళ్ళు వదిలింది కూడా. "మిషను ఇక్కడ, కటింగ్ బల్ల అక్కడ" అంటూ ఆ గీతల మధ్య నిలబడి చేతులు పైకెత్తింది. తల ఎక్కడా తగల్లేదు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

మెట్ల కింద ఖాళీ చేసి, మిషను ఆటోలో వేసుకుని వెళ్ళేసరికి హాలంతా ఓ కంపెనీకి అద్దెకిచ్చేశారు. గీతల మీద తివాచీ పరిచేశారు.

"ఈ మూల నాది" అంది అక్క.

"మూలేదీ మీది కాదమ్మా" అన్నాడు భవనం మేనేజరు. "అవిభాజ్యం అంటే విడదీయనిది. గోడల్లో, లిఫ్టులో, మెట్లలో, అన్నిట్లో మీకు కొంత ఉంటుంది. ఇదీ అని చూపించడానికి ఏదీ ఉండదు. అద్దెలో భాగం మాత్రం వస్తుంది."

"అయితే అమ్మేస్తాను."

"లాక్-ఇన్ ఉంది కదమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏజెంటుకి ఫోన్ చేసి కడిగి పారేశాను. "అన్నీ కాగితంలో ఉన్నాయి మేడమ్" అని పెట్టేశాడు.

ఇప్పుడు మిషను ఇంట్లో మంచానికీ బీరువాకీ మధ్య ఇరుక్కుంది. అక్క దాని ముందు కూర్చోవాలంటే మంచమెక్కి అటువైపు దిగాలి. వచ్చే అద్దెకి బయట మెట్ల కింద చోటు కూడా దొరకదు.

మొన్న ఆ కంపెనీవాళ్ళే కర్టెన్లు కుట్టాలని కబురు పెట్టారు. టేపు కొస పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను. గేటు దగ్గర అక్క బోసి మెడలో విజిటర్ కార్డు వేశారు. కిటికీ కొలిచాక, వంగి తివాచీ అంచు ఎత్తి చూసింది. సుద్దగీత చెక్కుచెదరలేదు.

"ఈ మూల వెలుతురు బాగుంటుందండీ" అంది.

"అదేనమ్మా మా బాధ" అన్నాడు ఆఫీసాయన. "కళ్ళలో కొడుతోంది. చుక్క వెలుతురు రాకుండా మందం గుడ్డ వెయ్యండి."

అక్క చెవి వెనక పెన్సిలు తీసి రాసుకుంది, మందం గుడ్డ అని.