బాలమణక్క బండి మీద ఇంటర్వ్యూకి

వానకు తడిసిన హెల్మెట్లు నాలుగైదు ఒక బల్ల మీద పెడితే ఒక వాసన వస్తుంది. చెమట, కొబ్బరినూనె, నానిన స్పాంజి కలిసిన వాసన. మొన్న మంగళవారం శంషాబాద్ విమానాశ్రయం పక్కనున్న మా కార్గో ఆఫీసులో, ఇంటర్వ్యూలకు వచ్చినవాళ్ళు కూర్చున్న గది తలుపు తీయగానే ఆ వాసన ముఖానికి కొట్టింది. నుదుటికి అతుక్కున్న జుట్టును వేళ్ళతో సరిచేసుకుంటూ, బూటు మీది బురదను రెండో కాలి ప్యాంటుకు తుడుచుకుంటూ, అందరూ నన్ను చూసి గబుక్కున లేచి నిలబడ్డారు. నాకు జాలి కలగాల్సింది. విసుగొచ్చింది. "గంట ముందే వచ్చి ముఖం కడుక్కోవాలని మీకెవరూ చెప్పలేదా?" అనబోయి నాలిక కరుచుకున్నాను. ఆ మాటా, ఆ విసుగూ కూడా మా బాలమణక్కవి. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇంకా నా నోట్లోంచి ఆవిడే మాట్లాడుతుంటే ఏం చేయాలో తెలియదు.

బాలమణక్క శంషాబాద్ దగ్గరి సాతంరాయిలో మా ఇంటి ఓనరు. మాది తెనాలి వైపు. నాన్నగారికి రాజేంద్రనగర్‌లో ఒక విత్తనాల కంపెనీలో ఉద్యోగం వచ్చాక, అక్కడి అద్దెలు అందక ఇంకాస్త దూరం జరిగి, ఆవిడ ఇంటి వెనక రెండు గదులు తీసుకున్నాం. అప్పటికి ఆవిడకు నలభై అయిదు దాటి ఉంటాయి. ఊరి చివర కొద్దిపాటి నేలలో బంతి, చామంతి వేసేది. భర్త ఉన్నన్నాళ్ళూ ఆయనే మోటార్‌సైకిల్ మీద పూల సంచులు కట్టుకుని నగరంలోని పూల మార్కెట్టుకు వెళ్ళేవాడట. ఆయన పోయి నెల తిరక్కుండానే ఆవిడ ఆ బండి బయటకు తీసింది. "నేను ఏడ్చుకుంట కూసుంటే పూలు ఆగుతయా? వాడిపోతయి" అనేది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, పైన భర్త పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, వెనక రెండు సంచులతో ఆవిడ బెంగళూరు రోడ్డెక్కుతుంటే లారీవాళ్ళు కూడా తల తిప్పి చూసేవాళ్ళు. ఆవిడ మాత్రం ఎవరినీ చూసేది కాదు. ఎప్పుడూ నలభై దాటని వేగం. వెనక ఎంతమంది హారన్ కొట్టినా అదే వేగం. ఆ వేగంతో ఆవిడ వెనక కూర్చుని వెళ్ళినవాళ్ళకు ఎంత ఓర్పు కావాలో నాకు బాగా తెలుసు.

నాకు డిగ్రీ పూర్తయిన ఏడాది విమానాశ్రయం పక్కన సరుకులు పంపే ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. అదే మొదటిది. పెద్ద రోడ్డు మీద బస్సులున్నాయి కానీ గోదాముల వైపు లోపలికి వెళ్ళే బస్సు లేదు. నాన్నగారి స్కూటర్ సరిగ్గా ఆ ముందురోజే మొండికేసింది. మేం మాట్లాడుకోవడం గోడ అవతలి నుంచి విని బాలమణక్క లోపలికి వచ్చేసింది.

"ఏంది పరేషాన్? నేను దింపుత. ఎన్ని గంటలకు?"

"తొమ్మిదిన్నరకండీ. మీకెందుకు శ్రమ, బాలమణి గారూ" అంది అమ్మ. అమ్మ అలా 'గారూ' అన్నప్పుడల్లా ఆవిడ నవ్వాపుకోలేకపోయేది.

"ఏడింటికి తయారుండు, పిల్లా" అని నాకు చెప్పి వెళ్ళిపోయింది. ఇంటి నుంచి అక్కడికి ముప్పావు గంట కూడా పట్టదు. ఎంత చెప్పినా వినదు.

ఎనిమిదికి ముందే గేటు దగ్గర ఉన్నాం. గేటు ఇంకా పూర్తిగా తెరవలేదు. ఆవిడ బండి స్టాండ్ వేసి, సెక్యూరిటీ అతనితో ఊరు, పేరు, పిల్లల చదువు మొదలుకొని అన్నీ అడిగి తెలుసుకుంది. తర్వాత అక్కడి కుళాయి దగ్గరకు నన్ను లాక్కెళ్ళింది. "మొఖం కడుగు. నెత్తి జూడు, హెల్మెట్ పెట్టుకున్నంక పిచ్చుక గూడు లెక్క అయింది." చొక్కా జేబులోంచి దువ్వెన తీసి, దారిన పోయేవాళ్ళంతా చూస్తుండగా నా తల దువ్వింది. పళ్ళు చూపించమంది. చూపించాను. సంచిలోంచి ఒక పసుపు చామంతి తీసి జడలో పెట్టబోతే మాత్రం నేను చెయ్యి తోసేశాను. "వద్దక్కా, ఇది ఆఫీసు." ఆవిడ ఆ పువ్వు తన చెవి మీద పెట్టుకుని మళ్ళీ సెక్యూరిటీ అతని వైపు తిరిగింది. "తమ్మీ, లోపట సార్లు మంచోళ్ళేనా?" నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న మేడమ్ కిటికీ పక్కనే ఉంది. నా కాగితాలు తిరగేస్తూ అడిగింది. "పొద్దున నుంచీ గేటు దగ్గర ఉన్నది మీరేనా? ఆ బండి నడిపిన ఆవిడ ఎవరు? మీ అమ్మగారా?"

ఆమె గొంతులో వెక్కిరింపేమీ లేదు. ఇప్పుడు తలుచుకుంటే, బహుశా మెచ్చుకోలే ఉంది. కానీ నాకు చెవి మీద పువ్వు, చీర మీద మగవాళ్ళ చొక్కా, దువ్వెన, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. "కాదండి. ఎవరో పూలమ్ముకునే ఆవిడ. దారిలో లిఫ్ట్ అడిగాను" అన్నాను. అప్పుడే టీ పట్టుకొచ్చిన ఆయా నా వైపు ఒకసారి చూసి, కప్పులు పెట్టి వెళ్ళింది.

మేడమ్ పెన్ను పక్కన పెట్టింది. "ఇక్కడ డ్యూటీ పొద్దున ఆరింటికి మొదలవుతుందమ్మా. రోజూ లిఫ్ట్ దొరకదు కదా?" ఆ తర్వాత ఏవో రెండు మూడు ప్రశ్నలు అడిగారు. మర్యాద కోసం అడిగారని నాకే తెలిసిపోయింది. మంచి అభిప్రాయం కలగాలని చెప్పిన అబద్ధమే ఉద్యోగాన్ని మింగింది.

తిరిగొచ్చేటప్పుడు బాలమణక్క ఒక్క మాట మాట్లాడలేదు. ఎప్పుడూ ఆగని నోరు ఆగినందుకు నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అంతటి మూర్ఖురాలిని. తొండుపల్లి దగ్గర బండి ఆపి, "ఆకలైతుందా?" అని మాత్రం అడిగింది. ఇడ్లీ పెట్టించింది. తను తినలేదు.

మర్నాడు తెల్లవారుతూనే మా తలుపు దబదబా బాదింది. "లే. బండి నేర్పిస్త."

"నాకెందుకక్కా?"

"గదంత చెప్ప. లే."

అమ్మ కంగారుగా లేచి వచ్చింది. "ఆడపిల్లకి మోటార్‌సైకిలేంటండీ, బాలమణి గారూ? కావాలంటే స్కూటీ ఉంది కదా."

"కొనియ్యుండ్రి మరి. కొన్నదాంక గిది నేర్చుకుంటది."

ఊరి పక్కన ప్లాట్లు వేసి అమ్మకానికి పెట్టిన వెంచర్ ఒకటుండేది. ఇళ్ళు లేవు, హద్దురాళ్ళూ ఖాళీ రోడ్లూ మాత్రం ఉండేవి. అక్కడ మొదలయ్యాయి నా కష్టాలు. నేను చూసిన గురువులందరిలోకీ అధ్వానమైన గురువు బాలమణక్క. దేన్నీ వివరించేది కాదు. "క్లచ్ ఇడువు" అనేది. విడిస్తే బండి ఎగిరి ఆగిపోయేది. "గట్ల కాదు." మరి ఎలా? "మెల్లగ." మెల్లగా విడిస్తే, "గంత మెల్లగనా? తెల్లారుతది!" మూడోరోజు హద్దురాయికి గుద్ది పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. ఆవిడ పరుగెత్తుకొచ్చి ముందు బండిని లేపింది, హ్యాండిల్ వంగిందేమో చూసింది, ఆ తర్వాత నన్ను చూసింది. "నీకేం కాలే. ఎక్కు." ఆ రోజు ఇంటికెళ్ళి అమ్మ ఒళ్ళో ఏడ్చి, ఇల్లు మారిపోదామని నాన్నగారితో దెబ్బలాడాను. మర్నాడు మళ్ళీ తలుపు బాదింది. నెల తిరిగేసరికి బండి నా మాట వినసాగింది. లైసెన్స్ పరీక్షలో నన్ను చూసి అక్కడి ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు ఎక్కువ తిప్పించాడు. కాలు కింద పెట్టకుండా తిరిగి వచ్చాను. బయట నిలబడ్డ బాలమణక్క మెచ్చుకుంటుందనుకున్నాను. "ఇండికేటర్ ఎయ్యలే" అంది.

రెండో ఇంటర్వ్యూకి నేనే నడుపుకుంటూ వెళ్ళాను. హిమాయత్ సాగర్ వైపు, రింగురోడ్డు సర్వీసు రోడ్డు మీద ఒక ఆఫీసు. రాత్రంతా వాన కురిసి రోడ్డు మీద నీళ్ళు నిలిచాయి. పక్కనుంచి లారీ వెళ్ళింది. తల నుంచి కాళ్ళ దాకా బురద. ఆ బట్టలతోనే వెళ్ళి కూర్చుంటే, నా ప్రయత్నాన్ని చూసి కరిగిపోతారని ఎక్కడో ఆశ. ఎవరూ కరగలేదు. ఇంటర్వ్యూ చేసినాయన నేల మీద నా కాళ్ళ ముద్రలు చూసి మొహం చిట్లించాడు. ఇంటికొచ్చి తాళంచెవి బాలమణక్క ముందు విసిరేశాను. "నీ బండీ వద్దు, నీ సలహాలూ వద్దు."

ఆవిడ దండ కడుతున్న చేతులు ఆపలేదు. "నీళ్ళున్న కాడ లారీ పక్కకు ఎందుకు పోయినవ్?"

అంతే. ఓదార్పు లేదు, అయ్యో అన్న మాట లేదు. కాసేపటికి లోపలికి వెళ్ళి తన భర్త చొక్కా ఒకటి తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "గిది మీదికెల్లి తొడుక్కో. మంచి బట్టలు కవర్ల పెట్టుకపో. ఆడికి పోయినంక మార్చుకో. గంట ముందుగల్ల పొమ్మని గందుకే చెప్త. మీరు వినరు." ఆవిడ మొదటిసారి ఒక కారణం చెప్పింది. అది కూడా తిట్టులాగే చెప్పింది.

మూడో ఇంటర్వ్యూ ఇప్పుడు నేను పనిచేస్తున్న ఈ ఆఫీసులోనే. గంట ముందే చేరాను. ఆ పొడుగుచేతుల చొక్కా విప్పి మడిచాను. ముఖం కడుక్కుని, బట్టలు మార్చుకుని, తల దువ్వుకున్నాను. అప్పటి మేనేజరు గారు అన్నీ అడిగి చివరికి అన్నారు. "మొదటి షిఫ్టు పొద్దున అయిదింటికి. ఆ వేళకి బస్సుండదు. ఎలా వస్తారు?"

"బండి మీదండి. మోటార్‌సైకిల్."

"మీదేనా?"

"కాదండి. మా ఇంటి ఓనరు బాలమణక్కది. ఆవిడ దాని మీద పూలు మార్కెట్టుకు తీసుకెళ్తుంది. నాకు నేర్పించింది ఆవిడే."

ఆయన లేచి, కిందికి వచ్చి బండి చూశారు. క్యారియర్ సందుల్లో ఎండిపోయిన బంతిరేకులు ఇరుక్కుని ఉన్నాయి. "మీరు తీసుకొస్తే ఆవిడ పూలో?" అన్నారు. నేను దాని గురించి ఆలోచించనే లేదు. ఆయన నవ్వారు. సోమవారం నుంచి రమ్మన్నారు.

ఇంటికొచ్చి ఆ ప్రశ్నే అడిగితే బాలమణక్క విసుక్కుంది. "ట్రాలీ ఆటోల ఏస్త తియ్. నువ్వు పోయి పండు." నేను సొంతంగా ఒక పాత బండి కొనుక్కునేదాకా రెండు నెలలు ఆవిడ పూలు ఊళ్ళోవాళ్ళ కూరగాయల ఆటోలో వెళ్ళాయి. ఆ రెండు నెలలూ నేను డ్యూటీ నుంచి రాగానే అదే పాట. "నీ మూలంగ పూలన్నీ నలుగుతున్నయ్. సగం రేటు ఇస్తున్నరు." నొచ్చుకుని, "పోనీ బండి నువ్వే తీసుకో, నేనేదో చూసుకుంటాను" అంటే, "చెప్పిన్నా? నేను అడిగిన్నా?" అని గయ్యిమనేది. ఇచ్చేదీ ఆవిడే, సణిగేదీ ఆవిడే. ఆ మనిషికి కృతజ్ఞత చెప్పడమంటే ముళ్ళకంచెను కౌగిలించుకోవడమే.

పెళ్ళయి రాజేంద్రనగర్ వచ్చేశాక కూడా నెలకోసారి సాతంరాయి వెళ్ళేదాన్ని. ఆ మొదటి ఇంటర్వ్యూ సంగతి గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఎనిమిదేళ్ళు పట్టింది నోరు పెగలడానికి. ఆవిడ వాకిట్లో చామంతులు సంచికెత్తుతోంది.

"అక్కా, ఆ రోజు లోపల నువ్వెవరని అడిగితే..."

"ఎవరో పూలమ్ముకునేదన్నవ్. ఎరుకే."

"నీకెలా తెలుసు?"

"టీ ఇచ్చిన ఆయమ్మ గేటు కాడి తమ్మికి చెప్పింది. ఆ తమ్మి నాకు చెప్పిండు. నువ్వు బయటికి రాకముందుకే ఎరుక."

"మరి నన్నేమీ అనలేదేం? పైగా తెల్లారగానే వచ్చి బండి నేర్పించావు."

ఆవిడ నడుము పట్టుకుని నిటారుగా నిలబడింది. "ఏమనాలె? బాధ అయింది. రాత్రి బువ్వ తినబుద్ధి కాలే. ఇగ ఆలోచన చేసిన. ఎనక కూసున్నోళ్ళకు ముందున్నోళ్ళను చూస్తే సిగ్గయితది. ముందు కూసోబెడితే సిగ్గుకు జాగ ఉండదు, రోడ్డు చూసుకోవాలె కదా. గందుకే నేర్పిన."

"తప్పయిపోయిందక్కా. నన్ను..."

"గదంత ఇప్పుడెందుకు? జర గా సంచి మూతి పట్టు."

పట్టాను. పూలు ఎత్తింది. ఆ మాట అక్కడితో తెగిపోయింది. తర్వాత నేనెప్పుడు మొదలుపెట్టినా ఏదో ఒక పని చెప్పేది. నీళ్ళు తెమ్మనేది, మేకను కట్టెయ్యమనేది.

పోయిన ఏడు జ్వరం ముదిరి దవాఖానలో చేర్చారని తెలిసి వెళ్ళాను. ముఖం పాలిపోయి, చేతికి సెలైన్ పెట్టి ఉంది. మంచం పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాను. ఈసారి సంచులూ మేకలూ లేవు కదా, చెప్పేద్దామనుకున్నాను. నేను నోరు తెరవగానే గోడ గడియారం వైపు చూసింది. "నీ డ్యూటీ ఎన్ని గంటలకు?"

"రెండింటికక్కా. ఇంకా టైముంది."

"పన్నెండయింది. పో ఇగ. ఆలస్యమైతది."

"వెళ్తాను కానీ, ఒక్క మాట విను..."

"పొమ్మంటే పోవేంది! పోరి ఎప్పటికీ చెప్పింది వినదు." అంత నీరసంలోనూ ఆ గొంతులో అదే చిరాకు. నర్సు కూడా తలెత్తి చూసింది. నాకూ ఒళ్ళు మండింది. రేపు చెబుతాను, ఎక్కడికి పోతుందిలే అనుకుని, విసురుగా లేచి వచ్చేశాను. ఒంటిగంటకే ఆఫీసులో ఉన్నాను. నాలుగింటికి ఫోన్ వచ్చింది.

ఆవిడ మీద నాకింకా కోపం తగ్గలేదు. ఒక్క నిమిషం నోరు మూసుకుని వింటే ఆవిడ సొమ్మేం పోయేది? ఎనిమిదేళ్ళు నేను మోసిన మాటను, ఆ తర్వాత కూడా నెలనెలా పట్టుకెళ్ళిన మాటను, ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకోలేదు. ఇప్పుడు దాన్ని దింపుకునే చోటు లేదు. అందుకే ఈ ఉద్యోగం నీకెలా వచ్చిందని ఎవరైనా అడిగినా, అడక్కపోయినా, టీ తాగేచోట, పెళ్ళిళ్ళలో, పక్క సీట్లో కూర్చున్న పరాయివాళ్ళతో కూడా చెబుతుంటాను: సాతంరాయిలో బాలమణక్క అని ఉండేది, పూలు పండించేది, నాకు బండి నేర్పింది, నేను ఆవిడను ఎవరో అన్నాను. మావారు మోచేత్తో పొడుస్తారు. వినేవాళ్ళు గడియారం చూసుకుంటారు. వాళ్ళకు విసుగు పుడుతోందని నాకు తెలుసు. పుట్టనివ్వండి.