గోతుల ఇంటి ఆడపడుచు

అనకాపల్లిలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. మా పిల్లలకు మధ్యయుగపు యూరప్ అంటే కాకరకాయ కూరే. అందుకని ఆ రాజుల్ని వియ్యంకుల్ని చేసి చెప్తాను. అప్పుడు చెవులు నిక్కబొడుచుకుంటాయి.

ఆ రోజు ఇటలీని ఏలిన గోతులనే జాతి రాజు పాఠం. బోర్డు మీద ఇటలీ గీశాను. అది ఇటలీలా కాదు, మునక్కాయలా వచ్చింది. ఆ రాజు తన తోబుట్టువును సముద్రానికి అవతల, ఆఫ్రికా తీరంలో ఉన్న వాండల్ రాజుకిచ్చాడు. ఒక కూతుర్ని విసిగోతులకు, ఇంకో కూతుర్ని బర్గండీ వాళ్లకు, మేనకోడల్ని తురింగియా రాజుకు ఇచ్చాడు. తాను ఫ్రాంకుల రాజు చెల్లెల్ని చేసుకున్నాడు. చుట్టూ చుట్టాలే ఉంటే ఎవడూ మీద పడడని ఆయన ధీమా.

"మేడమ్, ఇది మా ఊళ్లో కుండమార్పిడేనండి" అంది వెనక బెంచీ పిల్ల.

క్లాసంతా నవ్వింది. కుండమార్పిడి అంటే పిల్లనిచ్చి, అదే ఇంటి పిల్లను తెచ్చుకోవడం. నేనూ నవ్వాను. నేనూ కుండమార్పిడి కోడలినేనని ఆ పిల్లకేం తెలుసు?

"మరి తగువొత్తే ఆ ఆడోలేటైపోతారండి?" అని మళ్లీ అడిగింది.

తగువు రానే వచ్చిందని చెప్పాను. ఇంత వియ్యం అందుకున్నాక కూడా ఫ్రాంకుల బావమరిది వెళ్లి విసిగోతుల అల్లుణ్ని యుద్ధంలో చంపాడు. ఆఫ్రికాకిచ్చిన ఆవిడ మొగుడు పోగానే కొత్త రాజు ఆమెను ఖైదులో పెట్టాడు. అన్నిటికీ తానున్నానన్న ఇటలీ రాజు ఆఫ్రికా మీదికి దండెత్తడానికి ఓడలు కట్టిస్తూ కట్టిస్తూనే చచ్చిపోయాడు. ఆవిడ ఖైదులోనే పోయింది.

"ఆవిడేటందండి మరి?"

"ఎవరూ రాయలేదు. అసలెవరూ అడగలేదు" అని కసిరినట్టు చెప్పి పుస్తకం మూసేశాను. పాపం, ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు. నా కోపం పదిహేను వందల ఏళ్ల కిందటి వాళ్ల మీద కూడా కాదు, మా నాన్న మీదా మా మావయ్య మీదా.

మాకవరపాలెం వైపు పక్కపక్క ఊళ్లు మావి. నాన్నదీ మావయ్యదీ చెరకు సాగే. రెండు ఊళ్లకూ కలిపి ఎంపీటీసీ సీటు ఒక్కటే. ఓట్లు చీలకూడదని నన్ను మావయ్య కొడుక్కిచ్చి, మావయ్య కూతుర్ని మా అన్నయ్యకు తెచ్చారు. ఆమె నాకు వదిన, ఆడపడుచు కూడా. ఆమెకు నేనూ అంతే. మా అదృష్టం కొద్దీ రెండు కాపురాలూ చక్కగా కుదిరాయి. మా ఆయన ఇక్కడ అనకాపల్లిలో మోటార్ల రీవైండింగ్ షాపు పెట్టుకున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి, కానీ బంగారం.

ఈసారి సీటు నాన్నకూ మావయ్యకూ ఇద్దరికీ కావాల్సొచ్చింది. "బావా, బావా" అని ఒకే కంచంలో తిన్నవాళ్లు ఎడమొహం పెడమొహం అయ్యారు. మావయ్య ఏకంగా మా ఊరెళ్లి, వంట చేసుకుంటున్న వదినను ఉన్నపళాన పుట్టింటికి తీసుకుపోయాడు. నాన్న ముందు ఏనాడూ నోరెత్తని అన్నయ్య అప్పుడూ ఎత్తలేదు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగినట్టయింది. కుండమార్పిడిలో ఒక పిల్ల వెనక్కి వస్తే రెండో పిల్లా వెనక్కి వెళ్లాలి. అదీ కట్టుబాటు. ఆదివారం నన్ను తీసుకుపోవడానికి వస్తున్నానని నాన్న కబురు పెట్టాడు. నాకు భయం వేసింది. ఈ ముసలాళ్ల పంతం ఎన్నికలతో ఆగుతుందని ఎవరు చెప్పగలరు?

క్లాసు నుంచి తిన్నగా వరండాలోకి వచ్చి వదినకు ఫోన్ చేశాను.

"నీకు మా అన్నయ్య దగ్గరికి ఎల్లాలనుందా, లేదా? ఉన్నమాట సెప్పు."

అటునుంచి ఏడుపు వినిపించింది. "ఉంది వదినా. నన్ను ఎవలడిగేరు?"

"ఇదిగో, నేనడుగుతన్నాను" అన్నాను. ఏం చెయ్యాలో ఇద్దరం మాట్లాడుకున్నాం. సాయంత్రం మా ఆయనకూ చెప్పాను.

ఆదివారం అన్నయ్య కారు నడుపుకుంటూ వచ్చాడు. నాన్న గుమ్మంలోనే నిలబడి, "బట్టలు సద్దుకో అమ్మా, ఎల్దాం" అన్నాడు.

"మావయ్యా, మా ఇద్దరికీ తగువేటీ లేదు గదా" అన్నాడు మా ఆయన.

"మీకు లేదు బాబూ. మాకుంది."

ఆ మాటకు ఒళ్లు మండిపోయింది. అయినా పల్లెత్తు మాట అనలేదు. నా బ్యాగు మా ఆయనే మోసుకొచ్చి కారులో పెట్టాడు. దారిలో అత్తారి ఊరు రాగానే అన్నయ్యను ఆపమన్నాను. వీధిలోనే ఆగాడు. నేను బ్యాగుతో దిగి మావయ్య ఇంటి గుమ్మం ఎక్కాను.

"మావయ్యా, ఉండిపోడానికొచ్చేను. ఇక్కడినుంచే కాలేజీకెల్తాను."

మావయ్య తెల్లబోయాడు. మా ఇంటి పిల్ల ఇక్కడుంటే ఈ ఇంటి పిల్ల అక్కడుండాలి. నాన్న ఆ కట్టుబాటు ఒక కొస పట్టుకుని నన్ను లాగుతున్నాడు కదా, నేను రెండో కొస పట్టుకున్నాను. గుమ్మం ఎక్కిన కోడల్ని పొమ్మంటే ఊరు ఉమ్మేస్తుంది. ఉండమంటే కూతుర్ని పంపాలి. అప్పటికే అరుగుల మీద జనం లేచి నిలబడి చూస్తున్నారు. నేను బ్యాగు గడప లోపల పెట్టేశాను.

లోపల్నుంచి వదిన సంచీ పట్టుకుని వచ్చింది. నా పక్కన ఒక్క క్షణం ఆగి, చెయ్యి గట్టిగా నొక్కి మెట్లు దిగింది.

"ఎక్కడికే?" అన్నాడు మావయ్య.

"మా ఇంటికి నాన్నా."

కారులో వెనక, నేను దిగిన చోటే కూర్చుంది. నాన్న సగం దిగి, ఒక కాలు నేల మీద పెట్టి, "ఆగండాగండి, ఈ సంగతేదో తేల..." అంటున్నాడు.

"కాలు లోపల పెట్టు నాన్నా" అన్నాడు అన్నయ్య, బండి స్టార్ట్ చేసి.