మూడో బెంచీ వైపు చెప్పిన వాక్యం

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మనవాళ్ళు ఎగతాళిగా అంటుంటారు కదా. ఈ పాస్టరు గారు జీవితమంతా చేసింది అచ్చంగా ఆ పనే. కాకపోతే ఎంత శ్రద్ధగా ఊదాడంటే, చెవులున్న వాళ్ళంతా వచ్చి చుట్టూ చేరారు.

ఆయన్ని అందరూ నిదానం పాస్టరు గారు అనేవారు. ఒక చిన్న మాట చెప్పి ఆగేవాడు. ఇంకో చిన్న మాట చెప్పి మళ్ళీ ఆగేవాడు. వేదిక మీద తిరగడాలు, చేతులు ఊపడాలు, కేకలు పెట్టడాలు ఏమీ లేవు. స్తంభంలా నిలబడి, మైకును గుండెల దాకా కిందికి వంచి, ఎడమ వైపు మూడో బెంచీ కేసి చూస్తూ చెప్పేవాడు. ఆ వైపు కూర్చునేది ఆడవాళ్ళు. "ఏం అయ్యగారూ, పాపాలన్నీ ఆడవాళ్ళే చేస్తున్నారా? మా మొహాలు కూడా కాస్త చూడండి" అని సంఘపెద్ద వేళాకోళం చేసేవాడు. ఆ పెద్దకు టైర్ల షాపు ఉంది, గొంతు కూడా టైరు పేలినట్టే ఉంటుంది.

మాట మాటకీ ఆ ఆగడం ఏమిటని కొత్తవాళ్ళు అడిగితే, "ఆత్మ కోసం కనిపెడుతున్నారు" అని పాతవాళ్ళు గొంతు తగ్గించి చెప్పేవారు. కనిపెట్టడమంటే వాళ్ళ భాషలో ఎదురుచూడటం. మీసం ఎందుకు పెంచడన్న దానికీ సమాధానాలుండేవి. వైరాగ్యమని కొందరు, ఆ మొహానికి నప్పదని కొందరు.

అసలు సంగతి అంత గొప్పదేం కాదు. మూడో బెంచీలో ఆయన అక్క కూర్చునేది. ఆమెకు చెవులు వినపడవు. మీసం ఉంటే పై పెదవి కనపడదు, మైకు ఎత్తులో ఉంటే కింది పెదవి కనపడదు, తల పక్కకు తిప్పితే మొత్తానికే మోసం. మాట అందిందని అక్క తల ఊపేదాకా ఆయన తర్వాతి మాటకు పోయేవాడు కాదు. దేవుడి కోసం కనిపెడుతున్నాడని సంఘం అనుకునేది. ఆయన కనిపెట్టింది అక్క తల కోసం.

అమ్మానాన్నలు ఒకరి వెనక ఒకరు పోయేనాటికి ఆయన నిక్కర్లు వేసుకునే పిల్లాడు. అక్క అప్పటికే నేత మిల్లులో పనికి కుదిరింది. ఆ మగ్గాల హోరులో గొంతు చించుకున్నా పక్కమనిషికి వినపడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళంతా మూతి చూసి మాట పట్టడం నేర్చుకుంటారు. నాలుగు మగ్గాల అవతల ఉన్నవాళ్ళతో కూడా తమ అత్తగార్ల సంగతులు చెప్పుకుని విరగబడి నవ్వేవారు. మేస్త్రీ మధ్యలో నిలబడ్డా వాడికి ముక్క అర్థమయ్యేది కాదు. ఆ హోరే కొన్నాళ్ళకు అక్క చెవుల్ని తినేసింది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే, "తిట్టినా వినపడని పెళ్ళాంతో ఏ మగాడు కాపురం చేస్తాడు తల్లీ?" అని నవ్వేసేది. తమ్ముడు చదువుకుంటున్నాడు, అది చాలనుకుంది. ఆ చదువు దేని మీద నిలబడిందో తమ్ముడికి ఎవరూ చెప్పాల్సిన పనిలేదు.

ఆదివారం గుడి నుంచి వచ్చాక అక్క గిన్నెలు తోముతూ అడిగేది. "ఏమన్నార్రా ఆయన?"

అప్పటి పాస్టరు గారిది గంటన్నర ప్రసంగం. పిల్లాడు అక్క ఎదురుగా గొంతుక్కూర్చుని నాలుగు ముక్కల్లో చెప్పేవాడు.

"అంతసేపు మూతి ఆడించాడు, ఇంతేనా? మధ్యలో నువ్వేమైనా మింగేస్తున్నావా?"

"అంతేనే అక్కా! మిగతాదంతా ఊరికే అరిచాడు."

అలా చెప్పీ చెప్పీ ఆ పిల్లాడికి ఒక సంగతి ఒంటబట్టింది. పెదవులు కలిసే మాటలు అక్కకు అందుతాయి, గొంతు లోపల పుట్టే మాటలు అందవు. పొడుగు మాటలు సగం దారిలో జారిపోతాయి. నిత్యజీవం అంటే ఆమె నుదురు ముడిపడేది. చావు లేని బతుకు అంటే విప్పారేది. బైబిలు కాలేజీ గడప తొక్కకముందే ఆయన ప్రసంగం నేర్చుకున్నది ఆ అంట్ల గిన్నెల పక్కన.

కాలేజీలో అదంతా మరిచిపోయాడు, కుర్రతనం కదా. అక్కడి ప్రసంగ పాఠాల మాస్టారు ఈయన మాటలు విని, "ఇది సండేస్కూలు పిల్లలకు చెప్పుకో" అని చీదరించుకున్నాడు. ఉజ్జీవ కూటాలకు వచ్చిన ఓ పేరుమోసిన బోధకుడు వేదికను దడదడలాడిస్తుంటే జనం స్తోత్రాలతో ఊగిపోవడం కూడా ఈయన కళ్ళారా చూశాడు. ఇంకేముంది, చదువు పూర్తయి మొదటి సంఘానికి వచ్చినరోజు మైకు పట్టుకుని పులిలా పచార్లు చేశాడు, గర్జించాడు, బల్ల గుద్దాడు. జనం హల్లెలూయలు కొట్టారు. చెమట తుడుచుకుంటూ అక్క దగ్గరికి వస్తే ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"ఏంటక్కా, అంత కదిలిపోయావా?"

"ఎటు పోయావురా నువ్వు? ఆ మూల నుంచి ఈ మూలకి వెతుక్కున్నాను. ఒక్క ముక్క దొరకనివ్వలేదు."

ఆయన మీసం ఆ సాయంత్రమే పోయింది.

అప్పటినుంచి శనివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర ఆయన మర్నాటి వాక్యాన్ని, అంటే గుడిలో చెప్పబోయే ప్రసంగాన్ని, ముందు అక్కకు చెప్పేవాడు. కిటికీ వెలుతురు తన మొహం మీద పడేలా ఆయన ఇటు, అక్క అటు. ఆమె నుదురు ముడిపడితే ఆ మాట కొట్టేసి ఇంకోటి వెతికేవాడు. పాస్టరమ్మ కూరలు తరుగుతూ దెప్పేది. "పెళ్ళయి ఇన్నేళ్ళయింది. నాకేసి ఒక్కరోజైనా ఇంత మొహంపెట్టి మాట్లాడారా? ఏం వదినా, మీ తమ్ముడికి మీరు చెప్పరా?" వదిన గారికి అదీ అందేది. "నీకు చెవులున్నాయి కదే, నీకెందుకు మొహం?" అని తిప్పికొట్టేది.

ఏళ్ళు గడిచాయి. అక్క జుట్టు తెల్లబడింది. ఒకట్రెండు గ్లాసులు పగలగొట్టింది, ఓసారి టీలో ఉప్పు వేసింది. పెద్దతనం అనుకున్నారు. ఆదివారం మాత్రం మూడో బెంచీలో తల ఊపుతూనే ఉంది. ఆయన చెబుతూనే ఉన్నాడు.

ఒక శనివారం వాక్యం సగంలో పాస్టరమ్మ టీ తెచ్చిపెట్టింది. ఆయన బిస్కట్టు ముంచుకుని నోట్లో వేసుకుని, తర్వాత ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ నములుతున్నాడు. ఎదురుగా అక్క ఆయన మొహంలోకే చూస్తూ మెల్లగా తల ఊపింది.

"ఈ మాట బాగుందిరా. రేపు ఇలాగే చెప్పు."

ఆయన నవ్వాడు. ఆటపట్టిస్తోంది అనుకున్నాడు. ఇంకోటి తీసుకుని నమిలాడు. అక్క మళ్ళీ తల ఊపింది, ఈసారి కళ్ళు కూడా తుడుచుకుంది. "నిజమేరా. మనిషి బతుకంతే."

ఆయన నమలడం ఆపేశాడు. మెల్లగా చెయ్యెత్తి ఆమె కళ్ళకు బాగా దగ్గరగా కదలకుండా పట్టుకున్నాడు. రెప్ప కూడా కదల్లేదు. నోట్లోది మింగుడుపడలేదు, ఉమ్మనూ లేదు. "అక్కా!" అని అరిచాడు. వినపడే మనిషి కాదని తెలిసీ ఇల్లెగిరిపోయేలా అరిచాడు. పాస్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. అక్క మాత్రం తర్వాతి మాట కోసం బుద్ధిగా ఎదురుచూస్తూ కూర్చుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి పెదవి విరిచింది. "షుగరు. కంటి వెనక పొర పూర్తిగా దెబ్బతింది. వెలుతురు తెలుస్తుంది, ఏదో కదిలితే మసగ్గా తెలుస్తుంది, అంతే. కాస్త ముందు తీసుకొచ్చుంటే ఎంతోకొంత నిలబెట్టేవాళ్ళం. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

ఆయనే కదా వారం వారం గంటసేపు ఆ మొహాన్నే చూస్తూ నిలబడ్డ మనిషి. ఆ మొహంలో కళ్ళు ఆరిపోతుంటే కనపడలేదు. తల ఊపిందా లేదా, అదొక్కటే చూశాడు. ప్రసంగాలు చెప్పేవాళ్ళకు పట్టే జబ్బే ఇది. ఎదుటివాళ్ళు తల ఊపితే చాలు, ఇక వాళ్ళకు ఏ లోటూ లేదనుకుంటారు. ఆయన ఆస్పత్రి వరండాలో గోడకేసి నుదురు కొట్టుకున్నాడు. పాస్టరమ్మ లాగి కూర్చోబెట్టింది.

తిరుగు బస్సులో అక్కే మాట ఎత్తుకుంది, తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు కదా. "కళ్ళ సంగతి చెబితే నువ్వు వాక్యం చెప్పడం ఆపేస్తావని దాచానురా! నీ మూతి ఆగినప్పుడల్లా ఊపేదాన్ని. అంతకంటే ఏం చెయ్యమంటావు?" బస్సంతా వెనక్కి తిరిగింది. ఆయన ఏదో అనబోతే ఆమె చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆయన మూతి మీద ఆగింది. "తిడుతున్నావా? తిట్టు, తిట్టు. కదులుతోంది."

అలా మొదలైంది వేళ్ళతో మాట పట్టడం. అన్నం, మందు, అమ్మ, ఇలాంటివి వేళ్ళకు అందాయి. ఆయన ఆశపడ్డాడు. శనివారం వంటింటి బల్ల దగ్గర ఆమె వేళ్ళు తన పెదవుల మీద పెట్టుకుని వాక్యం మొదలుపెట్టాడు. ఒక్క మాట పదిసార్లు, ఇరవైసార్లు చెప్పాడు. టీ చల్లారింది, కిటికీలో వెలుతురు పోయింది. అక్క మోచెయ్యి బల్ల మీద ఆనించింది. "చాల్లేరా. చెయ్యి లాగేస్తోంది" అని తీసేసుకుంది.

మర్నాడు ఆయన వేదికెక్కాడు. పాస్టరమ్మ అక్కను చెయ్యిపట్టి తెచ్చి మూడో బెంచీలో కూర్చోబెట్టింది. ఇప్పుడిక దాచేదేం లేదు కాబట్టి ఆమె వెలుతురు వచ్చే కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. ఆయన మొదటి మాట చెప్పి ఆగాడు. ఆ తల ఊగలేదు. ఊగదని తెలుసు, అయినా ఎదురుచూశాడు. తర్వాతి మాట ఏమిటో గుర్తురాలేదు. అసలు ఉందో లేదో కూడా తెలియలేదు. జనం అలవాటుగా కనిపెట్టారు. కొందరు తలలు వంచుకున్నారు, ఎవరో వెక్కారు. చాలాసేపటికి ఆయన బైబిలు మూసి దిగి వచ్చేశాడు.

బయట సంఘపెద్ద ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఏం వాక్యం అయ్యగారూ! ఇన్నేళ్ళలో ఇలాంటిది వినలేదు. ఆ మౌనంలో దేవుడు నాతోనే మాట్లాడాడు, ఒట్టు."

ఛీ, ఇంతకంటే తిట్టినా బాగుండేది అనిపించింది ఆయనకు. ఇంటికొచ్చి భార్యతో అన్నాడు. "నేనిక చెప్పలేను. వచ్చేవారం నుంచి ఇంకెవరినైనా చూసుకోమంటాను."

"నాతో కాదు. ముందు ఆవిడతో చెప్పండి" అంది ఆమె, కళ్ళు ఒత్తుకుంటూ.

అక్క ముందుగదిలో మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు తడుముకుంటూ మడతపెడుతోంది. ఆయన పక్కన కూర్చుని ఆమె చెయ్యి తీసి మూతి మీద పెట్టుకున్నాడు. మానేస్తానన్నాడు. ఆమెకు అందలేదు. "మందా? వేసుకున్నాను" అంది. మళ్ళీ చెప్పాడు, మళ్ళీ మళ్ళీ చెప్పాడు. చివరికి ఆ మాట అందేసరికి ఆమె మడత సగంలో ఆపేసింది.

"దేనికి? నాకు అర్థం కావడంలేదనా?"

ఆయన తల ఊపాడు. ఆమె చేతికి ఆ ఊపు తెలిసింది.

"పిచ్చివాడా. నాకెప్పుడు అంతా అర్థమైందిరా? కళ్ళున్నప్పుడు కూడా సగం జారిపోయేది. నువ్వు బాధపడతావని ఊపేదాన్ని." చేతిలోని తువ్వాలును ఒళ్ళో పెట్టుకుంది. "చెవిటిదానితో ఎవరు మాట్లాడతార్రా? మిల్లు మానేశాక నాతో మొహం పెట్టి మాట్లాడిందెవరు? కొట్టువాడు నీ పెళ్ళాంతో మాట్లాడతాడు. చుట్టాలొస్తే నా తల మీదుగా మాట్లాడుకుంటారు. వారంలో ఆ ఒక్క గంట, అంతమందిలో నువ్వు నాకేసే చూసేవాడివి. నేను దానికోసం వచ్చేదాన్నిరా, వాక్యం కోసం కాదు. దేవుడు ఏమనుకుంటాడో ఏమో."

ఆయన ఆమె ఒళ్ళోని తువ్వాలు తీసుకుని సగంలో ఆగిన మడత పూర్తిచేశాడు.

"మానకు. నువ్వు మానేస్తే నేనెక్కడికి పోను? కాకపోతే…" ఆమె రెండో చెయ్యి బట్టల కుప్పను తడిమింది. "ఇప్పుడు నువ్వు నాకేసి చూస్తున్నావో, వేరేవాళ్ళకేసి చూస్తున్నావో తెలియదురా. అదొక్కటే కష్టంగా ఉంది."

ఆయన ఆమె చెయ్యిని మూతి మీద నుంచి మెల్లగా పైకి జరిపి, తెరిచి ఉన్న తన కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. ఆమె వేళ్ళు రెప్పలను తాకి ఉలిక్కిపడ్డాయి. తర్వాత, తడి సిమెంటును ముట్టుకుంటున్నంత జాగ్రత్తగా, రెప్ప వెంట్రుకల మీద నిలిచాయి. ఆయన రెప్ప వేయకుండా ఉండాలని చూశాడు, కానీ ఎంతసేపని ఉంటాడు?

"చూస్తున్నావా, ఏడుస్తున్నావా?"

"రెండూ అక్కా" అన్నాడు ఆయన. ఆమె చెయ్యి కళ్ళ మీదే ఉంది, ఆ మాట ఆమెకు అందలేదు.