నాన్న డైవింగ్ వాచీ

మెట్టుగూడ దోస్తులారా, మా నాన్న డైవింగ్ వాచీ గుర్తుందా? టకటకా తిరిగే అంచు, చెమట వాసనేసే రబ్బరు పట్టీ?

ఓరోజు దొంగతనంగా నేనే దాన్ని నీళ్ల డ్రమ్ములో ముంచాను. మర్నాటికి ఆగిపోయింది. నాన్న అన్నయ్యను అనుమానించి బెల్టుతో కొట్టాడు. భయంతో నేను నోరు విప్పలేదు.

ఆ వాచీ ఏ కంపెనీదో తెలుసుకుందామని నిన్న సికింద్రాబాద్‌లో ఒక ముసలి మెకానిక్‌కు చూపించాను. ఆయన వెనక మూత తీశాడు.

"డయల్ మీదున్న ఈ పేరు నేను సుత వినలే సార్. లోపలి ముద్ర చూస్తే స్విస్ మాల్. పార్టులన్నీ ఒరిజినలే."

"లోపలికి నీళ్లు పోయి పాడైంది కదా?"

"ఏడ పోయినయ్? జెరంత తుప్పు సుత లేదు. స్ప్రింగు తెగింది, గంతే."

అంటే తప్పు అన్నయ్యదీ కాదు, నాదీ కాదు. ఈ మాట చెబుదామంటే అన్నయ్య పోయి ఏడాదైంది. డ్రమ్ము సంగతి కూడా ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.